ఆడపడుచు, అక్కచెల్లెమ్మ: ఏ పార్టీ ఎంత ఛాందసం?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏ పార్టీ ఎంత ఛాందసమైనదన్న ప్రశ్న మన సమావేశాల్లో తరచు వస్తుంది. ప్రాంతీయ పార్టీల దగ్గరకొచ్చేసరికి దీనికి జవాబు చెప్పడం కష్టం. వాటికి సిద్ధాంత పత్రాలు పెద్దగా ఉండవు. నాయకుడి మాటే సిద్ధాంతం. కాబట్టి ఆ మాటల్నీ, చేసిన చట్టాల్నీ, ఆఖరికి పథకాలకు పెట్టిన పేర్లనీ కూడా చూడాలి.

తెలుగుదేశాన్నే తీసుకుందాం. 1982లో పుట్టిన ఈ పార్టీ మనల్ని ‘ఆడపడుచులు’ అంది. ఆడపడుచంటే పుట్టింటి నుంచి చీరె, సారె అందుకునే మనిషి. భాగం అడిగే మనిషి కాదు. విచిత్రమేమంటే ఆ భాగాన్ని చట్టంలో పెట్టిందీ ఈ పార్టీయే! హిందూ వారసత్వ చట్టాన్ని రాష్ట్రం వరకు సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు కల్పించింది. కేంద్రం ఆ పని 2005లో గాని చేయలేదు. ప్రభుత్వోద్యోగ నియామకాల్లో స్త్రీలకు 30 శాతం అన్న నిబంధన కూడా 1984 నాటిదే. ఇవి చిన్న విషయాలు కావు. అయితే అదే వారసత్వ సవరణ అప్పటికే పెళ్లయిన కూతుళ్లను పక్కన పెట్టింది. పెళ్లితో పిల్ల పరాయిదవుతుందన్న పాత నమ్మకం కొత్త చట్టంలోకి వచ్చి కూచుంది. “కట్నమిచ్చాం కదమ్మా” అంటూ హక్కు వదులుకున్నట్టు అన్నదమ్ములు సంతకాలు పెట్టించుకోవడం మీ ఊళ్లలో మీరు చూస్తున్నదే.

సారా సంగతి మరో రకం. నెల్లూరు స్త్రీల పోరాటం తర్వాత 1993లో కాంగ్రెస్ ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995 జనవరిలో తెలుగుదేశం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో ఆ పార్టీయే దాన్ని సడలించింది. దశలవారీగా నిషేధిస్తామని 2019లో అధికారంలోకి వచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్, 2024లో దిగిపోయే నాటికీ ప్రభుత్వ దుకాణాల్లో మద్యం అమ్ముతూనే ఉంది. ఇక్కడ ఛాందసం, అభ్యుదయం అన్న తూనికరాళ్లు పనికిరావు. గెలిచింది ఖజానా.

పథకాల పేర్లు చూడండి. 2019 ఎన్నికల ముందు పొదుపు సంఘాల సభ్యులకు తెలుగుదేశం ప్రభుత్వం ఇచ్చిన 10,000 రూపాయల పేరు ‘పసుపు-కుంకుమ’. సంఘంలో వితంతువుంటే, ముస్లిం స్త్రీ ఉంటే ఆ డబ్బు ఏ పేరుతో తీసుకోవాలి? తర్వాత వచ్చినవారు మనల్ని ‘అక్కచెల్లెమ్మలు’ అన్నారు. 2020లో ‘అమ్మఒడి’ డబ్బు తల్లి ఖాతాలోనే వేశారు. తల్లి చేతికి డబ్బు రావడం మంచిదే. కాని పిల్లల చదువు భారం తల్లిదేనన్న అర్థం అందులోనే ఉంది. తెలంగాణలో 2014లో మొదలైన కల్యాణలక్ష్మికి పెళ్లికూతురికి 18 ఏళ్లు నిండాలన్న షరతుంది. అది మేలైన షరతు. మరి ఆడపిల్లకు సర్కారు సాయం పెళ్లి పీటల దగ్గరే ఎందుకు? ఆ టీఆర్ఎస్ మొదటి మంత్రివర్గంలో, 2014 నుంచి 2018 దాకా, ఒక్క స్త్రీ లేదు.

ఇక అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది పిల్లల లెక్క. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక సంస్థల్లో పోటీకి అనర్హులని 1994లో కాంగ్రెస్ హయాంలో చట్టం చేశారు. ఎందరు పిల్లల్ని కనాలో తేల్చుకునే అధికారం ఇంట్లో లేని స్త్రీకి, రిజర్వేషన్‌తో వచ్చిన సీటు కూడా అలా దూరమైంది. 2024 నవంబరులో తెలుగుదేశం ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌లో ఆ నిబంధనను తొలగించింది. మనం ఎప్పటి నుంచో అడుగుతున్నదే. అయితే తొలగించింది మన హక్కు కోసం కాదు, జనాభా తగ్గిపోతోందన్న భయంతో. ముఖ్యమంత్రి ఎక్కువమందిని కనమన్నారు. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ, మూడో కాన్పులో ఆడపిల్లయితే 50,000 రూపాయలు, మగపిల్లాడయితే ఆవూ దూడా ఇస్తానన్నారు. నిన్న వద్దన్నా నేడు కనమన్నా, గర్భసంచి పద్దు రాసేది వాళ్లే. ఈ విషయంలో కాంగ్రెస్‌కీ తెలుగుదేశానికీ తేడా నాకు కనపడలేదు.

మీమీ మండలాల్లో ఆ నిబంధన వల్ల పోటీకి దూరమైన, పదవి పోగొట్టుకున్న స్త్రీల వివరాలు రాసి పంపండి. మూడో కాన్పు ఎవరి నిర్ణయమో కూడా అడిగి రాయండి.