గోపాలకృష్ణ గోఖలే: ఒక చరిత్రాచార్యుని లోకసేవ

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున, చదువును సొంత ఆస్తిగా గాక లోకమునకు తీర్పవలసిన ఋణముగా భావించిన ఒక ఉపాధ్యాయుని స్మరించుట సముచితము. ఆయన పూనా నగరమున చరిత్ర బోధించిన గోపాలకృష్ణ గోఖలేగారు.

గోఖలేగారు 1866 మే 9వ తేదీన రత్నగిరి జిల్లాలోని కోత్లూక్ గ్రామమున బీద కుటుంబమున జన్మించిరి. వారి పదుమూడవ యేట తండ్రి గతించెను. అన్నగారైన గోవిందరావు తన చదువు మాని, నెలకు 15 రూపాయల కొలువున చేరి, అందులో 8 రూపాయలు తమ్మునికి పంపుచుండెను. మిగిలిన 7 రూపాయలతో ఇంటిల్లిపాదియు గడుపుకొనవలెను. గోఖలేగారు తామే వండుకొని తినుచు, చమురు ఖర్చు లేకుండ వీధిదీపము క్రింద చదువుకొనిరని చెప్పుదురు. 1884లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలనుండి బి. ఏ. పట్టము పొందునాటికి వారి వయస్సు పదునెనిమిదేండ్లు.

ఆ రోజులలో బి. ఏ. చదివినవానికి పెద్ద జీతపు కొలువు దుర్లభము కాదు. అన్నగారి కష్టము తీర్చుటకు ఆ మార్గము దగ్గరగనే ఉండెను. అయినను గోఖలేగారు పూనాలో బడిపంతులైరి. తిలక్, అగర్కర్ మొదలగువారు స్థాపించిన దక్కన్ విద్యాసంఘమున యావజ్జీవ సభ్యులై, నెలకు 75 రూపాయల జీతమునకు ఒడంబడిరి. ఆ సంఘము 1885లో నెలకొల్పిన ఫెర్గూసన్ కళాశాలలో ఇంగ్లీషు, గణితము, పిదప చరిత్ర, అర్థశాస్త్రము బోధించిరి. సెలవులు వచ్చినప్పుడు విశ్రమింపక, కళాశాల కొరకు ఊరూర చందాలు పోగుచేసిరి. ఇట్లు 1902 వరకు గడచెను.

వారికి గురువు న్యాయమూర్తి మహాదేవ గోవింద రానడేగారు. ప్రజల కష్టము చెప్పదలచినచో ముందు లెక్కలు చూడవలెననియు, ఆధారము లేని మాట పలుకరాదనియు గోఖలేగారు ఆ గురువునొద్ద నేర్చిరి. ఈ నియమమునకు 1897లో కఠినమైన పరీక్ష వచ్చెను. అప్పుడు వారు సాక్ష్యమిచ్చుటకై ఇంగ్లండులో ఉండిరి. పూనాలో ప్లేగు నివారణకు నియమింపబడిన సోల్జర్లు ఇండ్లలో జొరబడి అత్యాచారములు చేసిరని మిత్రులు జాబులు వ్రాయగా, గోఖలేగారు ఆ సంగతిని అక్కడి పత్రికలో ప్రకటించిరి. స్వదేశమునకు తిరిగి రాగా, వ్రాసిన వారెవ్వరును ముందుకు వచ్చి రుజువు చేయుటకు సిద్ధపడలేదు. గోఖలేగారు వారి పేర్లు బయటపెట్టలేదు. రుజువు చేయజాలని మాట అన్నందులకు తామే బహిరంగముగా క్షమాపణ చెప్పిరి. పిరికివాడని స్వజనమే నిందించెను. ఆయన ఆ నిందను మౌనముగా భరించి, ప్లేగు మరల వచ్చినప్పుడు స్వచ్ఛంద సేవకుడై రోగుల నడుమ తిరిగెను. ఆయనకు చరిత్రపాఠము బడిలోనే ముగియలేదు.

1902లో వారు వైస్రాయి శాసనసభలో బడ్జెటుపై చేసిన ప్రసంగము దేశమంతట వినబడెను. ఖజానాలో ధనము మిగులుచున్నదని ప్రభుత్వము సంతోషించుచుండగా, ఆ మిగులు ప్రజల సౌభాగ్యము కాదనియు, కరవుకాలమునను తగ్గింపని పన్నుల ఫలమనియు ఆయన అంకెలతో చూపెను. బీదవాని ఉప్పుపై పన్ను తగ్గింపుమని ఏటేట అడిగెను. మణుగునకు రెండున్నర రూపాయలుండిన ఆ పన్ను 1903, 1905, 1907 సంవత్సరములలో క్రమముగా తగ్గి ఒక రూపాయకు దిగెను.

1905 జూన్ 12వ తేదీన పూనాలో భారత సేవక సంఘమును స్థాపించిరి. సొంతమునకు ధనమార్జింపక, కులమత భేదము పాటింపక, దేశసేవకే జీవితము నర్పించుట సభ్యుల ప్రతిజ్ఞ. ముందు ఐదేండ్ల శిక్షణ. అందు అధ్యయనమును దేశసంచారమును ముఖ్యములు. దేశమును తెలియనివాడు దేశమును సేవింపజాలడని ఆయన మతము. 1915లో దక్షిణాఫ్రికానుండి తిరిగివచ్చిన గాంధీగారితో గూడ, ఒక సంవత్సరము దేశము చూచి పిమ్మట మాటాడుడని గోఖలేగారే చెప్పిరి. హరిజనులను, కొండజాతులను సేవించిన ఠక్కర్ బాపా ఈ సంఘము సభ్యుడే.

గోఖలేగారి మనస్సును అన్నిటికంటె ఎక్కువగా ఆక్రమించినది పల్లెపిల్లల చదువు. 1911 జనాభా లెక్కల ప్రకారము దేశమున అక్షరములు వచ్చినవారు నూటికి ఆరుగురే. ఆ యేడు మార్చి 16వ తేదీన వారు నిర్బంధ ప్రాథమిక విద్యా బిల్లును ప్రవేశపెట్టిరి. ఆరు మొదలు పదియేండ్ల వరకుగల బాలురను బడికి పంపించు అధికారమును స్థానిక సంస్థల కిచ్చుట, నెలకు 10 రూపాయలకు లోబడిన ఆదాయముగల తలిదండ్రులనుండి ఫీజు తీసికొనకుండుట అందలి ముఖ్యాంశములు. ధనము లేదనియు, కాలము రాలేదనియు ప్రభుత్వము అడ్డుచెప్పెను. 1912 మార్చిలో 13 ఓట్లు అనుకూలముగను, 38 ఓట్లు ప్రతికూలముగను వచ్చి బిల్లు ఓడిపోయెను.

అన్నగారు పంపిన 8 రూపాయలతో చదివిన బాలుడు, అట్టి అన్న లేని లక్షలాది బాలుర పక్షమున అడిగిన కోరిక అది. ఓటమి తప్పదని ఆయన ఎరుగును. తన తరమువారు పరాజయములతోనే దేశమును సేవింపవలెనని తలంచెను. 1915 ఫిబ్రవరి 19వ తేదీన, నలువదియెనిమిదవ యేట, కన్నుమూసెను. ఆరు మొదలు పదునాలుగేండ్ల బాలబాలికలందరకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా చేసిన శాసనము 2010 ఏప్రిల్ 1వ తేదీన అమలునకు వచ్చెను. నడుమ దాదాపు నూరేండ్లు గడచెను!

బిల్లు ఓడిన రెండేండ్లకు, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగెను. శాసనముకొరకు వేచియుండక, గ్రామస్థులే పుస్తకములు కూర్చి, చదువురానివారికి చదివి వినిపించిన ఉద్యమము ఆ విధముగా బలపడెను. శాసనము బడి తలుపు తెరచును. తెరచిన తలుపులోనికి బిడ్డను చేయిపట్టి నడిపించువాడు పొరుగువాడే.

రజతోత్సవ మంటపము రేపు విప్పుదురు, తోరణములు వాడును. బీరువాలోని పుస్తకములు మాత్రము పాఠకునికై ఎదురుచూచుచునే యుండును. ఈ గ్రంథాలయ సభ్యుడొక్కడు బడి మానిన పిల్లవానినొక్కని సాయంకాలమున ఇచటికి తోడ్కొని వచ్చి చదివించెనేని, గోఖలేగారు తీర్పబూనిన ఋణములో ఒక రూపాయ తీర్చినట్లే.