దరఖాస్తు లేని గిరాకీ
అరకులోయలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం



నేను టెలిఫోన్ స్తంభం ఎక్కలేదు, కేబుల్ అతకలేదు. ఏ ఊరికి ఎన్ని లైన్లు కావాలి, ఏ దారిలో ఎంత ఆప్టికల్ ఫైబర్ వేయాలి, అయిదేళ్ల తర్వాత అది చాలుతుందా అని లెక్కలు కట్టడమే నా ఉద్యోగం. ఇప్పటి కంపెనీల్లో ఈ పని చేసేవారిని మార్కెట్ ఎనలిస్ట్ అంటున్నారు. మమ్మల్ని మాత్రం ‘అంచనాల వాళ్లు’ అనేవారు.

ఫైబర్ అంటే వెంట్రుకంత సన్నని గాజు పోగు. అందులో మాట వెలుగై పరుగెడుతుంది. అది సాధ్యమేనని 1966లో చార్లెస్ కావో చూపారు. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీ అందుకు పనికివచ్చే పోగు తీసింది. పోగు ఖర్చు ఒక ఎత్తు, పూడ్చే ఖర్చు ఒక ఎత్తు. మన దేశంలో కందకం మామూలు లోతు 1.65 మీటర్లు. అనంతగిరి ఘాటు రోడ్డు పక్క రాతిలో అంత తవ్వడమంటే మాటలా? అందుకే ముందు అంచనా, తర్వాతే గునపం.

ఆ రోజుల్లో అంచనాకు ఆధారం వెయిటింగ్ లిస్టు. డిపాజిట్ కట్టి దరఖాస్తు పెట్టుకున్నవారే లెక్క. విశాఖపట్నం జాబితా చాంతాడంత ఉండేది. కొండ మీది గూడేలకు వచ్చేసరికి ఆ గడిలో సున్నా. ఎక్స్ఛేంజీయే లేని చోట దరఖాస్తు ఎవరు పెడతారు?

సంతలో నిలబడితే ఆ సున్నా వెనక ఏముందో తెలిసేది. కాఫీ, మిరియాలు, పసుపు మోసుకొచ్చిన రైతుకు పట్నంలో ధర తెలియదు, షావుకారు చెప్పిందే ధర. కాన్పు కష్టమైతే డోలీ కట్టి మోసుకు రావడమే, ఆస్పత్రికి ముందుగా కబురందే దారి లేదు. ఇది గిరాకీ కాదా?

పెద్ద దేశాల్లో దీనికి తలకిందులుగా జరిగింది. ఇంటర్నెట్ రద్దీ వంద రోజులకొకసారి రెట్టింపవుతోందన్న మాట 1998లో అమెరికా వాణిజ్యశాఖ నివేదికలోకే ఎక్కింది. ఆండ్రూ ఓడ్లిజ్కో అనే గణితవేత్త లెక్క తీస్తే, రెట్టింపు కావడానికి ఏడాది దాకా పడుతోందని తేలింది. ఈలోగా సముద్రాల అడుగున కూడా అవసరానికి మించి ఫైబర్ పరిచేశారు. 2002లో గ్లోబల్ క్రాసింగ్ దివాలా తీసింది. అక్కడ లేని అవసరం కాగితం మీదికెక్కింది, ఇక్కడ ఉన్న అవసరం ఎక్కలేదు.

విరుగుడు ఒక్కటే: దరఖాస్తులను కాక ఊళ్లను లెక్కపెట్టడం. 1994 టెలికాం విధానం ప్రతి గ్రామానికీ ఫోను అంది. 2002లో పల్లెల కోసం ప్రత్యేక నిధి ఏర్పడింది. 2011లో పంచాయతీలకు ఫైబర్ పథకాన్ని కేంద్రం ఆమోదించింది, తర్వాత దానికే భారత్‌నెట్ అని పేరు. మన రాష్ట్రం కరెంటు స్తంభాల మీదుగా లాగిన ఫైబర్‌ను 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. అయితే తీగ పంచాయతీ దాకా వస్తే చాలదు. గాలివానకు చెట్టు పడి తెగితే ఎన్నాళ్లకు అతుకుతారన్నదీ అంచనాలో ఉండాలి.

ఇది మనకూ సంబంధించిన విషయమే. 2014 నుంచి పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో ఇవ్వవచ్చు. సిగ్నల్ అందని ఊళ్లో ఉన్న మన మిత్రుడు మాత్రం దానికోసం కొండ దిగాల్సిందే. కనుక మన సంఘం శాఖలు అలాంటి సభ్యుల ఊళ్ల పేర్లు రాసి అధికారులకు పంపాలని నా మనవి. దరఖాస్తు లేదన్న మాట ఇకనైనా వినపడకూడదు.