మనం ఆడకపోతే వాళ్లకి ఆట లేదు

(విజయవాడలో దళిత యువజనుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



"భూమి లేదు, ఉద్యోగాల్లేవు, సెల్‌ఫోన్ ఆటల మీద మీటింగేంటి మాస్టారూ?" అని కొందరు పెద్దలు అడిగారు. భూమి సమస్య ఎటూ పోలేదు, నిజమే. అయితే 1991లో చుండూరులో గొడవ ఎక్కడ రాజుకుంది? పొలం గట్టు మీద కాదు, సినిమా హాల్లో. చదువుకున్న మన కుర్రాడి కాలు అగ్రకులపు కుర్రాడికి తగిలింది. అంతే! మనోళ్లని వెలేశారు, కూలి పనులు ఆపేశారు. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. మనం టిక్కెట్టు కొనుక్కుని సమానంగా కూర్చోవటమే వాళ్లు ఓర్చుకోలేకపోయారు.

ఇవాళ ఆ హాలు మన పిల్లల చేతుల్లో ఉంది. కృష్ణలంక కుర్రాడు, గుడివాడ కుర్రాడు, హైదరాబాదు కుర్రాడు ఒకే జట్టులో మాట్లాడుకుంటూ ఆడతారు. మా బడిపిల్లలు ఆడే ఒక ఆటలో ఓడితే చాలు, ఇంటిపేరు అడుగుతారు, పేట అడుగుతారు, ఆపైన కులం పెట్టి తిట్టటమే. ఫిర్యాదు చేద్దామంటే కంపెనీ జాబితాలో మోసానికి గడి ఉంది, బూతుకి గడి ఉంది, కులదూషణకి లేదు!

కేసు పెట్టే హక్కు మనకుంది, దాన్ని వదలొద్దు. కాని దొంగపేరుతో ఆడేవాడెవడో తేల్చాలంటే కంపెనీ కదలాలి. కంపెనీ కదలాలంటే దాని గల్లాపెట్టె కదలాలి.

వెలి అంటే ఏంటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. సాంఘిక బహిష్కరణని నేరంగా చూడాలని బాబాసాహెబ్ 1947లోనే రాశాడు. అట్రాసిటీల చట్టంలోకి అది 2015 సవరణతో గాని ఎక్కలేదు. మరి మనం బహిష్కరణ చేయొచ్చా? చేయొచ్చు. బలవంతుడు పేదోడి కూడు ఆపితే అది వెలి. పేదోళ్లంతా ఒక్కటై బలవంతుడి లాభం ఆపితే అది పోరాటం. అమెరికాలో మాంట్‌గోమరీ నల్లజాతివాళ్లు 1955 డిసెంబరు నుంచి 381 రోజులు బస్సెక్కలేదు, నడిచారు, గెలిచారు.

"మావాళ్లు పైసా పెట్టకుండా ఆడతారు, కంపెనీకేం నష్టం?" అంటారేమో. ఉచిత ఆటలో డబ్బు పెట్టేది కొద్దిమందే. తుపాకికి రంగులు, ఒంటికి కొత్త వేషాలు కొనుక్కుని వాళ్లు ఎవరికి చూపించుకుంటారు? ఎవరి మీద గెలుస్తారు? మన మీదే! మనం లేకపోతే మైదానం నిండదు. కూలీలు దిగకపోతే మాగాణి నాటు పడుతుందా? ఇదీ అంతే.

ఇలాంటి పోరాటాలు జరిగినయ్. 2024 మేలో 'హెల్‌డైవర్స్ 2' ఆడేవాళ్లకి సోనీ కంపెనీ కొత్త షరతు పెట్టింది. తమ దగ్గర ఖాతా తెరిస్తేనే ఆట అంది. చాలా దేశాల్లో ఆ ఖాతా తెరిచే వీలే లేదు. రెండు లక్షలకు పైగా వ్యతిరేక అభిప్రాయాలు వచ్చిపడ్డయ్. రోజుల్లోనే సోనీ వెనక్కి తగ్గింది.

ఓడిన కథా వినండి. 2009లో 'మోడరన్ వార్‌ఫేర్ 2'ని బహిష్కరిస్తామని కొందరు సంఘం పెట్టారు. ఆట విడుదలయ్యాక చూస్తే ఆ సంఘంలో చాలామంది అదే ఆట ఆడుతున్నారు! కట్టుబాటు లేని బహిష్కరణ నవ్వులపాలవుతుంది.

కాబట్టి పేటపేటలో కమిటీ వేయండి. మాల, మాదిగ తేడా వద్దు. కలిసొచ్చే బీసీ, ముస్లిం కుర్రాళ్లని కలుపుకోండి. తిట్టిన మాటలు తేదీతో సహా రికార్డు చేయండి, మన పిల్లల పేర్లు మాత్రం బయటపెట్టొద్దు. కోరికలు రెండే: ఫిర్యాదులో కులదూషణకి గడి, తెలుగు తెలిసిన పరిశీలకులు. ముందు ఉత్తరం రాయండి, గడువివ్వండి. జవాబు రాకపోతే కొత్త సీజన్ మొదలయ్యే రోజునే అందరూ ఒక్కసారిగా ఆపండి. ఎవర్నీ బూతులు తిట్టొద్దు. అక్కడ జీతానికి పనిచేసేవాడు మన శత్రువు కాదు. ఆ సాయంత్రాలు పిల్లలు మళ్లీ ఫోను పట్టకుండా పేటలో కబడ్డీ పోటీలు పెట్టండి.

మర్యాద అడుక్కుంటే రాదు. ఎన్ని రోజులు ఆడకుండా ఉండగలమో ముందు మనలో మనం తేల్చుకుందాం. ఆ లెక్క కుదిరాకే కంపెనీకి ఉత్తరం రాద్దాం.

జై భీమ్!