పెన్నేరు పండిద్దాం

తక్కువ వానతోనే చేతికొచ్చే పంట పెన్నేరు. మందుల షాపులో అశ్వగంధ అంటారే, అదే.

దీనికి నీరు ఇంకిపోయే ఎర్ర చల్కా, ఇసుక నేలలు కావాలి. ఎండను తట్టుకుంటుంది గానీ, నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. జులై, ఆగస్టుల్లో విత్తుకోండి. ఎకరాకు 4 నుంచి 5 కిలోల విత్తనం చాలు. గింజ మరీ చిన్నది కాబట్టి ఇసుకలో కలిపి పైపైనే చల్లాలి. లోతుగా పడితే మొలవదు. నెల తిరిగేసరికి ఒత్తుగా ఉన్నచోట మొక్కలు పీకేయాలి. ఈ పనికి బద్ధకిస్తే వేరు ఊరదు, ఇక పంట వేసి లాభమేముంది?

150 నుంచి 180 రోజులకు ఆకులు పండుబారి, బుడ్డ కాయల్లో పండ్లు ఎర్రబడతాయి. అప్పుడు తేలికగా తడి ఇచ్చి, వేరు తెగకుండా పెకలించండి. మట్టి కడిగి, జానెడులో సగం పొడవు ముక్కలుగా కోసి ఆరబెట్టండి. ముక్క విరిస్తే టక్కున విరగాలి, లోపల తెల్లగా ఉండాలి. లావు వేర్లు, సన్న వేర్లు వేరుచేస్తే మంచి ధర పలుకుతుంది. మధ్యప్రదేశ్‌లోని నీమచ్ దీనికి పేరున్న మార్కెట్.

నిద్రకు, నీరసానికి వేరు పొడిని పాలతో తీసుకోవడం పాత అలవాటే. అయితే గర్భిణులు వాడకూడదు. థైరాయిడ్, కాలేయ జబ్బులున్నవారు డాక్టరును అడగందే ముట్టవద్దు. అన్నట్టు, పంట కొనేవాడెవరో తేల్చుకున్నాకే విత్తనం కొనండి.