తవ్వకముందే మన నీళ్ళ లెక్క రాసిపెట్టుకుందాం

(గనుల వ్యర్థాలు - తాగునీరు అనే విషయంపై దళితవాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నీళ్ళ గురించి మాట్లాడుకుందామంటే కొందరు మిత్రులు 'కులం గురించి మాట్లాడాల్సిన సభలో నీళ్ళ సంగతేంది?' అన్నారు. మనకు నీళ్ళూ కులమూ ఎప్పుడు వేరుగా ఉన్నాయి? 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ మహద్‌లో చౌదార్ చెరువు కాడికి జనాన్ని నడిపించుకుపోయింది నీళ్ళు తాగే హక్కు కోసమే. 1985 జులైలో కారంచేడు ఎక్కడ మొదలయ్యింది? మాదిగపల్లె తాగే చెరువు నీళ్ళను పాడుచేయొద్దని అడిగిన కాడ. అడిగిన పాపానికి ఆరుగురిని చంపారు. నీళ్ళు ముట్టనీయకపోవడం ఒక అంటరానితనం. మన నీళ్ళల్లో విషం కలిసినా ఎవరికీ పట్టకపోవడం ఇంకో అంటరానితనం. ఇవాళ ఈ రెండోదాని గురించే మన మాట.

కడప జిల్లా వేముల మండలంలో తుమ్మలపల్లె ఉంది. అక్కడ యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అనే కేంద్ర ప్రభుత్వ కంపెనీ గని పెట్టింది. 2007లో పునాదిరాయి వేశారు. రోజుకు 3,000 టన్నుల రాయిని శుద్ధి చేసేటట్టు ప్లాంటు కట్టారు. అక్కడి రాయి నాసిరకం. టన్ను రాయిలో యురేనియం అరకిలో కూడా ఉండదు. మరి మిగిలిన రాయంతా ఏమైతుంది? దాన్ని పిండి చేసి, సోడా కలిపిన నీళ్ళతో ఉడికించి, యురేనియం గుంజుకుని, మిగిలిన బురదను గొట్టాల్లో తీసుకపోయి కె.కె. కొట్టాల దగ్గర గుంటలో పోస్తారు. దీన్ని టెయిలింగ్ పాండ్ అంటారు. కొందరు చెరువు అని కూడా రాస్తున్నారు. చెరువంటే మనకు ప్రాణం. పేరు చూసి మోసపోవద్దు. అది చెరువు కాదు, విషగుంట.

బడిలో పిల్లలకు చెప్పినట్టే చెప్పుకుందాం. యురేనియం తీసేశాం కదా, ఇంక బురదలో ఏముంటుంది అని అడుగుతారు. రాయిలో యురేనియం ఒక్కటే లేదు. దాని పిల్లలున్నాయి - థోరియం, రేడియం. కంపెనీకి అవి అక్కరలేదు కాబట్టి బురదలోనే వదిలేస్తుంది. రాయిలో ఉన్న మొత్తం కిరణశక్తిలో దాదాపు 85 శాతం బురదలోనే మిగిలిపోతుంది. రేడియం సగానికి తగ్గాలంటే 1,600 ఏళ్ళు పడుతుంది. తరానికి పాతికేళ్ళ చొప్పున లెక్కేయండి, 64 తరాలు. గని పది ఇరవై ముప్పై ఏళ్ళు నడిచి మూతపడుతుంది. కంపెనీ బోర్డు పీక్కుని పోతుంది. గుంట మాత్రం మన మనవళ్ళకు, వాళ్ళ మనవళ్ళకు ఆస్తిగా మిగులుతుంది.

గుంట అడుగు గట్టిగా లేకపోతే నీళ్ళు భూమిలోకి దిగుతాయి. అందుకే తుమ్మలపల్లె గుంటకు అడుగున బంకమట్టి పొర, దాని మీద ప్లాస్టిక్ పొర వేయాలనే షరతు ఉంది. ఆ షరతు ప్రకారం కట్టలేదని విశ్రాంత శాస్త్రవేత్త డాక్టర్ కె. బాబూరావు గారు కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేశారు. కనంపల్లె, మబ్బుచింతలపల్లె, భూమయ్యగారిపల్లె, కె.కె. కొట్టాల రైతులు బోర్ల నీళ్ళు పాడయ్యాయనీ, పొలాల్లో తెల్లగా ఉప్పు తేలుతున్నదనీ, అరటి తోటలు ఎండుతున్నాయనీ మొత్తుకున్నారు. 2018లో మండలి కంపెనీకి షోకాజ్ నోటీసు ఇచ్చింది.

కంపెనీ ఏమంటుంది? 'ఈ ప్రాంతం రాతిలోనే సహజంగా యురేనియం ఉంది, నీళ్ళల్లో కనబడేది మా గుంటలోది కాదు' అంటుంది. ఈ జవాబును మనం జాగ్రత్తగా వినాలి. తిట్టి ఊరుకుంటే లాభం లేదు. గని రాకముందు మన బోర్లో ఎంత ఉంది, వచ్చాక ఎంత అయ్యింది అనే లెక్క మన చేతిలో ఉంటే ఈ జవాబు నిలబడదు. లెక్క లేకపోతే మన రోగం మన కర్మ అయిపోతుంది. ఎప్పుడూ కాగితం వాళ్ళ దగ్గర, కడుపునొప్పి మన దగ్గర. ఇది తిరగబడాలి.

నీళ్ళల్లో యురేనియం ఎక్కువైతే ముందు దెబ్బతినేది మూత్రపిండాలు. లీటరు నీళ్ళల్లో 30 మైక్రోగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన అణుశక్తి నియంత్రణ మండలి 60 దాకా ఒప్పుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కాచితే పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. బిందె మీద గుడ్డ కట్టినా పోదు. సంతలో దొరికే టీడీఎస్ మీటరు కూడా దీన్ని పట్టుకోలేదు. ప్రయోగశాలకు పోవాల్సిందే.

ఇందులో కులం ఎక్కడుంది? చూడండి. చాలా ఊళ్ళల్లో వాడ ఊరికి దిగువన ఉంటుంది. నీళ్ళు పోయేదీ దిగువకే. డబ్బున్నోడు ఇరవై లీటర్ల క్యాను కొనుక్కుంటాడు, లేదంటే టౌనుకు పోయి ఇల్లు కట్టుకుంటాడు. కూలికి పోయిన మన అక్క చేను గట్టునున్న బోరు నీళ్ళే దోసిట్లో పట్టి తాగుతుంది. భూమి కావాలంటే ముందు కనబడేది మనకిచ్చిన డి-ఫారం పట్టా. 'ప్రభుత్వ భూమే కదా' అంటారు. పట్టా భూమితో సమానంగా నష్టపరిహారం ఇవ్వాలని 2004లో మన హైకోర్టు మేకల పండు కేసులో తీర్పు చెప్పింది. ఆ సంగతి మనవాళ్ళల్లో ఎంతమందికి తెలుసు?

'ఉద్యోగాలొస్తాయి, దేశానికి కరెంటొస్తుంది, అడ్డం పడొద్దు' అంటారు. దేశం మనది కూడా. దేశానికి మనం ఇచ్చింది తక్కువా? జార్ఖండ్‌లో జాదూగూడ అనే చోట 1967 నుంచి యురేనియం తవ్వుతున్నారు. అక్కడిది ఆదివాసీల భూమి. 2006 డిసెంబరులో వ్యర్థాల గొట్టం పగిలి బురద వాగులో కలిసింది. దాన్ని ముందు చూసి చెప్పింది ఊరివాళ్ళే. దేశం కోసం త్యాగం అనే మాట ఎప్పుడూ ఆదివాసీ గూడేనికీ దళితవాడకే ఎందుకొస్తుందో ఎవరైనా చెప్పాలి.

ఇప్పుడు ఇంకో ప్రమాదం వచ్చింది. 2006 నోటిఫికేషన్ ప్రకారం ఇట్లాంటి గనికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టాలి. ముప్పై రోజుల ముందు చెప్పాలి, మన మాట రాసుకోవాలి, రాసింది మన భాషలో చదివి వినిపించాలి. టెంట్ల కింద, పోలీసుల మధ్యన జరిగినా, మైకు మన చేతికొచ్చేది ఆ ఒక్క పూటే. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాల గనులకు, కీలక ఖనిజాల గనులకు ఆ సభ అక్కరలేదని ఉత్తర్వు ఇచ్చింది. ఉన్న ఒక్క మైకూ గుంజుకున్నారు. కాబట్టి వాళ్ళు సభ పెట్టేదాకా చూస్తూ కూర్చుంటే ఇక కుదరదు. మన సభ మనమే పెట్టుకోవాలి.

ఏం చేయాలి?

మొదటిది. డ్రిల్లింగ్ బండి కనబడిన ప్రతి ఊళ్ళో బోర్లు, బావులు, చేతిపంపులు అన్నిటినీ లెక్కరాయాలి. ఎవరిది, ఎంత లోతు, ఏ తేదీన నీళ్ళు పట్టాం - అన్నీ నోటుపుస్తకంలో ఉండాలి. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి పరీక్ష చేయించాలి. యురేనియం కూడా చూడమని ప్రత్యేకంగా రాసివ్వాలి, లేకుంటే చూడరు. వాడ చేతిపంపును వదిలేసి ఊరి బోరు ఒక్కటే పరీక్షిస్తే ఒప్పుకోవద్దు. చదువుకునే మన పిల్లలు ఈ పని చేయగలరు.

రెండోది. గ్రామసభలో తీర్మానం చేయించాలి. ఆ సభకు వాడ నుంచి ఆడవాళ్ళు ముందు వరసలో పోవాలి. నీళ్ళు మోసేది వాళ్ళే, నీళ్ళ రుచి మారితే ముందు తెలిసేదీ వాళ్ళకే.

మూడోది. గని ఇప్పటికే ఉంటే, 2005 సమాచార హక్కు చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన షరతుల కాగితం అడగాలి. షరతులు పాటించామని కంపెనీ ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. అది రహస్యం కాదు, జనం చూడదగ్గ కాగితం. గుంటకు దిగువన పరీక్ష బోర్లు ఉన్నాయా, వాటి ఫలితాలేంటి అని తేదీలతో సహా అడగాలి.

నాలుగోది. 1989 అట్రాసిటీ చట్టం తిట్టినప్పుడు, కొట్టినప్పుడు మాత్రమే గుర్తొస్తుంది మనకు. ఎస్సీ, ఎస్టీలు వాడుకునే నీళ్ళను పాడుచేయడం కూడా ఆ చట్టం మూడో సెక్షన్ కింద నేరమే. దళితేతరుడు మన బావిలో చెత్త వేస్తే కేసు పెట్టొచ్చు. భూమి లోపలి నుంచి విషం పంపితే ఎందుకు పెట్టకూడదో స్టేషన్‌కు పోయి అడుగుదాం.

అడిగితే ఏమైతుంది అనొద్దు. నల్లమల జనం కదిలితే 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. 2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ళ చుట్టుపక్కల ఊళ్ళు రోడ్డెక్కితే డ్రిల్లింగ్ ఆపుతున్నామని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. అక్కడ ఊరూ వాడా కలిసి నడిచాయి. నీళ్ళ కోసం ఊరు మనతో వస్తే మంచిదే, రమ్మందాం. కానీ పరీక్ష కాగితంలోనూ, నష్టపరిహారంలోనూ, కమిటీలోనూ వాడ పేరు ముందు రాయించుకుందాం. వెనక వరసలో నిలబడి జిందాబాద్ కొట్టే రోజులు పోయాయి.

ఈ ఆదివారం నుంచే వాడకొక నోటుపుస్తకం మొదలుపెడదాం. మొదటి పేజీలో మన చేతిపంపు పేరు రాద్దాం.

జై భీమ్!