ల్యాప్ లేని రేస్: మౌంట్ వారియోలో బ్రేక్ ఎందుకు నేర్చుకోవాలి?

ఈ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క ట్రాక్ గురించి. గేమ్ పేరు మారియో కార్ట్ 8, ట్రాక్ పేరు మౌంట్ వారియో. ఈ గేమ్ ఎప్పుడూ ఆడనివాళ్ళు కూడా వినండి, ఎందుకంటే చివర్లో చెప్పే విషయం ఏ రేసింగ్ గేమ్‌కైనా పనికొస్తుంది.

ముందు సీన్ చెప్తాను. ఒక పెద్ద కార్గో విమానం ఆకాశంలో పోతూ ఉంటుంది. పన్నెండు మంది రేసర్లు దాని లోపలే కార్ట్‌ల మీద రెడీగా ఉంటారు. కౌంట్‌డౌన్ అయిపోగానే అందరూ విమానం వెనక తలుపులోంచి గాల్లోకి దూకేస్తారు. కార్ట్‌కి గ్లైడర్ తెరుచుకుంటుంది, కిందికి చూస్తే మంచుకొండ. అక్కడ దిగారా, ఇక ఆగేది లేదు. మంచు వాలు, గుహ, ఒక డ్యామ్, అడవి, ఆ తర్వాత స్కీయింగ్ చేసేవాళ్ళ కోసం జెండాలు పాతిన వాలు, చివర్లో ఒక పెద్ద జంప్. కింద జనం గోల గోల. రేస్ ఫినిష్! అంతా కలిపి సుమారు రెండు నిమిషాలు.

ఇందులో స్పెషల్ ఏంటంటే, ఇక్కడ ల్యాప్‌లు లేవు. మామూలుగా మారియో కార్ట్‌లో ఒకే ట్రాక్ చుట్టూ మూడు రౌండ్లు తిరుగుతాం. మౌంట్ వారియోలో కొండ పైనుంచి కిందికి ఒక్కసారే దిగుతాం. ఆ దారినే గేమ్ మూడు సెక్షన్లుగా లెక్కపెడుతుంది. ఇది పూర్తిగా కొత్త ఐడియా ఏమీ కాదు, 2011లో త్రీడీఎస్‌కి వచ్చిన మారియో కార్ట్ 7లోనూ ఇలా సెక్షన్లుగా నడిచే ట్రాక్‌లున్నాయి. కానీ కొండ దిగడం అనే ఫీలింగ్‌ని ఇంత బాగా పట్టుకున్నది మాత్రం, నా లెక్కలో, ఇదే.

వారియో తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. 1992లో గేమ్ బాయ్‌లో మారియోకి విలన్‌గా వచ్చాడు. జపనీస్‌లో 'వరుయ్' అంటే చెడ్డ అని అర్థం. వరుయ్, మారియో కలిస్తే వారియో. టోపీ మీద మారియోకి 'ఎం' ఉంటే, వీడికి దాన్ని తిరగేసిన 'డబ్ల్యూ' ఉంటుంది. అలాంటోడి పేరు పెట్టిన కొండ బుద్ధిగా ఎందుకుంటుంది చెప్పండి?

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ల్యాప్ లేకపోతే ఏం మారుతుంది?

ల్యాప్ ట్రాక్‌లో ఒక మలుపు మీకు మూడుసార్లు వస్తుంది. మొదటిసారి గోడకి గుద్దుకున్నా, రెండోసారి కాస్త సర్దుకుంటారు, మూడోసారికి కరెక్ట్‌గా తిప్పుతారు. అంటే ఆ రేస్‌లోనే నేర్చుకునే ఛాన్స్ ఉంటుంది. మౌంట్ వారియోలో ఆ ఛాన్స్ లేదు. డ్యామ్ దగ్గర తప్పు చేస్తే ఆ డ్యామ్ మళ్ళీ రాదు. ప్రతి మలుపూ మొదటిదే, ప్రతి మలుపూ ఆఖరిదే.

నాకిది తెలిసొచ్చింది ఒక ఫ్రెండ్ వాళ్ళింట్లో. 200 సీసీ మోడ్ పెట్టాం. ఈ మోడ్ 2015 ఏప్రిల్‌లో అప్‌డేట్‌గా వచ్చింది, గేమ్‌లో అన్నిటికంటే స్పీడ్ మోడ్ ఇదే. అంతకుముందు 150 సీసీలో నేను బ్రేక్ బటన్ ముట్టుకున్నదే లేదు. యాక్సిలరేటర్ నొక్కి పట్టుకోవడం, డ్రిఫ్ట్ కొట్టడం, అంతే. ఫ్రెండ్ వాళ్ళ చెల్లి, ఆరో తరగతి, నా పక్కనే కూర్చుని ఆడుతోంది. సెకండ్ సెక్షన్‌లో అడవి రాగానే, "అన్నా, బ్రేక్ నొక్కన్నా" అంది. నేను నవ్వాను. మరుసటి సెకన్లో చెట్టుకి గుద్దేశాను. కార్ట్ తిప్పుకునేలోపే నలుగురు దాటిపోయారు. అందులో ఆ పాప కూడా ఉంది.

తర్వాత తన ఆట జాగ్రత్తగా చూశాను. మలుపు రాకముందే డ్రిఫ్ట్ మొదలుపెడుతోంది, డ్రిఫ్ట్‌లో ఉండగానే బ్రేక్‌ని టక్కున తట్టి వదిలేస్తోంది. దీన్నే బ్రేక్ డ్రిఫ్ట్ అంటారు. కార్ట్ స్పీడ్ కొంచెం తగ్గి మలుపు లోపలికి వస్తుంది, డ్రిఫ్ట్ మాత్రం ఆగదు. టైర్ల దగ్గర నిప్పురవ్వలు ముందు నీలం, తర్వాత నారింజ రంగులోకి మారతాయి. అప్పుడు వదిలితే బూస్ట్ వస్తుంది. అంటే బ్రేక్‌లో పోయిన స్పీడ్‌ని మలుపు దాటగానే వెనక్కి రాబట్టుకుంటోందన్నమాట!

మన ఘాట్ రోడ్డు డ్రైవర్లని అడగండి, ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడూ అదే గేరు అంటారు. దిగుడులో స్పీడ్ కొండే ఇస్తుంది. దాన్ని అదుపులో పెట్టుకోవడమే మన పని. ఆరో తరగతి పాపకి అర్థమైంది నాకు అర్థం కాలేదు.

ఆ రేస్ అక్కడితో అయిపోలేదు. చెట్టుకి గుద్దాక కంట్రోలర్ పక్కన పెట్టేద్దామనుకున్నాను. ల్యాప్ లేదు కదా, ఇంకేం నేర్చుకుంటాం, ఇంకేం గెలుస్తాం అనిపించింది. కానీ ఈ గేమ్‌లో వెనకబడ్డవాళ్ళకే బలమైన ఐటమ్స్ వస్తాయి. నాకు బుల్లెట్ బిల్ వచ్చింది. కాసేపు కార్ట్ బుల్లెట్‌గా మారి దానంతటదే దూసుకెళ్తుంది. జెండాల వాలు మీదికి వచ్చేసరికి మళ్ళీ పోటీలో ఉన్నాను. ఆ వాలులో మంచు గుట్టలుంటాయి, ఒక్కోదాని అంచు మీద సరిగ్గా టైమ్‌కి హాప్ బటన్ నొక్కితే ట్రిక్ పడి, దిగగానే చిన్న బూస్ట్ వస్తుంది. ఒకటి, రెండు, మూడు... అలా కొట్టుకుంటూ నాలుగో ప్లేస్‌లో ఫినిష్ చేశాను. ఫస్ట్ ఎవరో నేను చెప్పక్కర్లేదు.

పోయిన మలుపు తిరిగిరాదు, నిజమే. కానీ కిందికి ఇంకా సగం కొండ ఉంది. గుద్దుకున్న చెట్టు గురించే ఆలోచిస్తూ కూర్చుంటే, ముందున్న జెండాకి కూడా గుద్దుకుంటాం. నేను ఆ రోజు ఓడిపోయినా సంతోషంగా లేచింది అందుకే.

ఈ ట్రాక్ ఆడబోయేవాళ్ళకి మూడు మాటలు.

ఒకటి, కాయిన్స్ వదలొద్దు. పది వరకు పోగేస్తే టాప్ స్పీడ్ పెరుగుతుంది. దెబ్బ తగిలితే మూడు పోతాయి. ల్యాప్ లేదు కాబట్టి వదిలేసిన కాయిన్స్ దగ్గరికి మళ్ళీ రాలేం.

రెండు, డ్యామ్ గోడ మీద యాంటీ గ్రావిటీలో ఉన్నప్పుడు పక్కవాళ్ళని తగలడానికి భయపడొద్దు. అక్కడ తగిలితే ఇద్దరికీ బూస్ట్ వస్తుంది.

మూడు, 200 సీసీకి పోయే ముందు ఒంటరిగా టైమ్ ట్రయల్స్‌లో నాలుగైదుసార్లు దిగండి. రేస్‌లో మలుపు రెండోసారి రాదు కాబట్టి, ముందే పరిచయం చేసుకోవాలి.

మారియో కార్ట్ 8 మొదట 2014లో వీ యూ మీద వచ్చింది, 2017లో డీలక్స్‌గా స్విచ్‌కి వచ్చింది. ఎక్కడైనా ఆడే ఛాన్స్ దొరికితే స్టార్ కప్‌లో నాలుగో ట్రాక్ ఇదే, వదలొద్దు. పక్కన చిన్నపిల్లలెవరైనా కూర్చుని "బ్రేక్ నొక్కన్నా" అంటే మాత్రం నవ్వకండి. నొక్కేయండి.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, బై.