పాత డీజిల్ కారు - ఇంట్లో మనం చేసుకోగల పని, చేయకూడని పని

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మాట్లాడవలసిందని కార్యదర్శిగారు కబురు పంపినప్పుడు, "నాకు పానా పట్టడం వచ్చు గాని మైకు పట్టడం రాదండీ" అని చెప్పి తప్పించుకోబోయాను. "ఆ పానా సంగతే చెప్పండి" అన్నారాయన. ఎందుకన్నారో నాకు తెలుసు. మన సభ్యుల ఇళ్ళముందు ఇప్పటికీ నాలుగైదు పాత డీజిల్ అంబాసిడర్లు నిలబడి ఉన్నాయి. కొందరు పెళ్ళిళ్ళకు, పేరంటాలకు కిరాయికి తిప్పి ఆ డబ్బుతో ఇల్లు నడుపుకొంటున్నారు. కొందరు అబ్బాజాన్ కొన్న బండి గదా అని అమ్మలేక ఉంచుకొన్నారు. చీటికీ మాటికీ షెడ్డుకు పంపే స్తోమత అందరికీ లేదు. అందుచేత ఇంట్లో మనమే చేసుకోగలిగిందెంత, చెయ్యి పెట్టకూడనిదెంత అన్నది నాకు తెలిసినంత వరకు విన్నవించుకుంటాను. నేను ఇంజనీరును కాను. ఆటోనగర్‌లో ఒక ఉస్తాద్ దగ్గర షాగిర్దుగా చేరి, దెబ్బలు తిని నేర్చుకొన్నవాణ్ణి.

మన దేశంలో తయారయ్యే కార్లలో డీజిల్ ఇంజన్ ముందుగా వచ్చింది అంబాసిడర్‌కే, 1980 ప్రాంతంలో. 1489 సీసీ ఇంజన్, బలం 37 హార్స్ పవర్. ఈనాటి చిన్న కార్లలో దాదాపు సగం. ఎత్తు ఎక్కేటప్పుడు పక్కనుంచి సైకిలు పోయినా మనం పలకరించవచ్చు! అయినా డీజిల్ చవకగా ఉన్న ఆ రోజుల్లో టాక్సీవాళ్ళు దాన్ని కళ్ళకద్దుకొన్నారు. 2014లో ఉత్తరపాడా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. కాబట్టి ఇప్పుడు మన చేతిలో ఉన్న బండికి కొత్తది బదులు రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవలసిందే.

పెట్రోలు ఇంజన్‌కూ దీనికీ తేడా ఒక్క ముక్కలో చెబుతాను. పెట్రోలుకు నిప్పురవ్వ కావాలి. డీజిల్‌కు అక్కర్లేదు. సిలిండర్‌లో గాలిని ఇరవైమూడింట ఒక వంతుకు నొక్కేస్తుంది పిస్టన్. అలా నొక్కేసరికి గాలి మండే వేడికి వస్తుంది. సరిగ్గా ఆ క్షణాన నాజిల్ సన్నని పొగమంచులాగా డీజిల్ చిమ్ముతుంది, అంటుకుంటుంది. అంతే. అయితే ఆ చిమ్మే పంపులోనూ నాజిల్‌లోనూ లోపలి ముక్కల మధ్య సందు ఎంతనుకున్నారు? మన తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు. కంటికి కనిపించని ఇసుక రేణువు పోతే గీత పడుతుంది, నీటిచుక్క పోతే తుప్పు పడుతుంది. మా ఉస్తాద్ పంపు మీద పని చేసే రోజున షెడ్డు ఊడ్వనిచ్చేవాడు కాదు, దుమ్ము లేస్తుందని. డీజిల్ బండికి ఇంట్లో చేసే సేవలో ముప్పాతిక వంతు శుభ్రతే.

ముందు నీళ్ళ సంగతి. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే రాత్రి చల్లదనానికి లోపలి గాలిలో తడి చెమ్మగా మారి అడుక్కి దిగుతుంది. డీజిల్ కంటే నీళ్ళు బరువు గనుక అడుగునే ఉంటాయి. వానాకాలంలో మరీనూ. కాబట్టి సాయంత్రమే ట్యాంకు నింపి పెట్టండి. వారానికి ఒకరోజు, బండి తియ్యకముందే, ఫిల్టర్ అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి ఒక గాజు సీసాలోకి కొంచెం డీజిల్ పట్టండి. అయిదు నిమిషాలు కదపకుండా ఉంచితే నీళ్ళున్నదీ లేనిదీ సీసాయే చెబుతుంది. పదేళ్ళ పిల్లవాడు కూడా చూసి చెప్పగలడు. ఫిల్టర్ మార్చేటప్పుడు గిన్నెను కాటన్ వేస్టుతో తుడవకండి, దాని పోగులు లోపలికి పోతాయి. శుభ్రమైన డీజిల్‌తో కడగండి, చాలు.

ఫిల్టర్ మార్చినా, ట్యాంకు ఎండిపోయినా లైనులోకి గాలి పడుతుంది. బండి ఎంత తిప్పినా స్టార్టు కాదు. మనవాళ్ళు బ్యాటరీ ప్రాణం పోయేదాకా తిప్పుతారు, ఆ తరువాత నలుగురిని పిలిచి తోయిస్తారు. అవసరం లేదు. ఫీడ్ పంపుకు చేత్తో కొట్టే చిన్న మీట ఉంటుంది. ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి ఆ మీట కొడుతుంటే మొదట నురుగు, తరువాత బుడగ లేని డీజిల్ వస్తుంది. అప్పుడు బిగించాలి. ఆ పిమ్మట డీజిల్ పంపు మీదున్న రెండు స్క్రూల దగ్గర అదే పని. చివరగా నాజిళ్ళకు వెళ్ళే గొట్టాల నట్టులు రెండు ఒక చుట్టు వదులు చేసి, ఒకరు స్టార్టర్ తిప్పితే అక్కడి గాలి కూడా పోతుంది. కోడిగుడ్డు ఉడికేంత సేపు పట్టదు ఈ పని.

ఇక్కడ ఒక మాట, దయచేసి తల్లులు కూడా వినాలి. ఆ గొట్టాల్లో, నాజిళ్ళలో ఉండే ఒత్తిడి మామూలుది కాదు. చిమ్మే డీజిల్ చర్మాన్ని సూదిలాగా చీల్చుకొని లోపలికి పోతుంది. మా షెడ్డులో పదహారేళ్ళ కుర్రాడు పనిచేస్తున్న నాజిల్ ముందు వేలు పెట్టి "వస్తోందా లేదా" అని చూశాడు. రక్తం లేదు, చిన్న చుక్క గుర్తు మాత్రమే. నవ్వుకొన్నాం. రాత్రికి చెయ్యి మోచేతిదాకా వాచింది. తెల్లవారి పెద్దాసుపత్రికి తీసుకొనిపోతే వేలు తీసేశారు. "వెంటనే తెచ్చివుంటే దక్కేదేమో" అన్నారు డాక్టరుగారు. అలాంటి దెబ్బ తగిలితే గాయం చిన్నదని చూడకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి, డీజిల్ తగిలిందని స్పష్టంగా చెప్పాలి. అలాగే జాకీ ఒక్కటే నమ్ముకొని బండి కింద దూరవద్దు. గట్టి స్టాండు గాని, మందపాటి చెక్క దిమ్మెలు గాని పెట్టాలి. ఇటుకలు పనికిరావు, పగులుతాయి.

ఇక ఇంజన్ ఆయిలు. మార్చిన మర్నాడే నల్లబడిందని ఆయిలు కొట్టువాడితో పోట్లాడేవారిని చూశాను. డీజిల్ ఇంజన్‌లో మసి ఆయిల్లోకి దిగుతుంది, నల్లబడటం సహజమే. రంగు చూడకండి, మట్టం చూడండి. తగ్గితే భయం అందరికీ తెలుసు. పెరిగితే? "మా బండి ఆయిలు తాగదు సరిగదా, తానే పెంచుకొంటుంది" అని ఒక మిత్రుడు గొప్పగా చెప్పాడు. అది గొప్ప కాదు బాబూ. ఫీడ్ పంపు లోపలి పొర చిరిగి డీజిల్ ఇంజన్ ఆయిల్లో కలుస్తోందన్నమాట. పలచబడిన ఆయిలు బేరింగులను కాపాడదు. మట్టం మరీ పెరిగితే ఇంజన్ తన ఆయిలునే తాను తాగి, తాళం తీసినా, స్టాప్ నాబ్ లాగినా ఆగకుండా గొంతు చించుకొని అరుస్తుంది. అప్పుడు బ్రేకు గట్టిగా తొక్కి, టాప్ గేరు వేసి, క్లచ్చి వదిలి ఇంజన్‌ను చంపెయ్యాలి. నేను రెండుసార్లు చేశాను. కాళ్ళు వణికాయి.

వేడి విషయంలో మనవాళ్ళకు ఒక చెడ్డ అలవాటుంది. బండి వేడెక్కితే థర్మోస్టాట్ పీకి పారేస్తారు. మెకానిక్కులే చేస్తారు, నేనూ చేశాను. దానివల్ల ఇంజన్ ఎప్పటికీ చల్లచల్లగా ఉండి డీజిల్ సరిగా మండక మసి కడుతుంది, సిలిండర్లు అరుగుతాయి. వేడెక్కడానికి అసలు కారణం రేడియేటర్‌లో పేరుకొన్న సున్నం. బోరు నీళ్ళు పోసి పోసి పూడ్చుకొంటాం. శుభ్రమైన నీళ్ళు, కూలెంటు పొయ్యండి. బెల్టు సంగతి మా ఆవిడ చూసుకొంటుంది. వంటింట్లోంచే "కీచుమంటోంది, బిగించండి" అని కేక వేస్తుంది. ఆమె చెవి ఇంతవరకు తప్పలేదు.

తెల్లవారి నమాజు వేళకు బండి తియ్యాలంటే చలికాలంలో మొరాయిస్తుంది. హీటర్ ప్లగ్గులకు చాలినంత సమయం ఇవ్వాలి. పాత పద్ధతిలో ఒకదాని వెంట ఒకటి వరుసగా కలిపివుంటే, ఒకటి కాలితే నాలుగూ చల్లబడతాయి. ఈథర్ కొట్టి స్టార్టు చేయించే వైద్యం మాత్రం వద్దు. వేడి ప్లగ్గుల దగ్గర అది పేలుతుంది.

ఇప్పుడు డీజిల్ గురించి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా వస్తున్న బీఎస్-6 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్ళకు పది పాళ్ళే. ఊపిరితిత్తులకు మంచిది. అయితే పాత గంధకపు డీజిల్‌కు అలవాటుపడి ఉబ్బిన రబ్బరు సీళ్ళు కొత్త డీజిల్‌కు కుంచించుకొని పంపు కారవచ్చు. కారితే కంగారుపడి పంపు మార్చకండి, సీళ్ళు కొత్తవి వేయిస్తే సరిపోతుంది. జారుడుగుణం తగ్గకుండా కంపెనీవారే మందు కలుపుతారు గనుక మనం ఇంకేదో కలపనక్కరలేదు. ఒకప్పుడు రేషను కిరసనాయిలు కలిపి మిగుల్చుకొన్నామనుకొన్నవాళ్ళు, పేదవాడి పొయ్యి నూనె తీసుకొని తమ పంపు తాము అరగదీసుకొన్నారు. కిరసనాయిలుకు ఆ జిడ్డుగుణం లేదు గదా.

పంపుకు సీసంతో ముద్ర వేసిన స్క్రూ ఒకటుంటుంది. దాన్ని తిప్పితే లాగుడు పెరుగుతుంది. కుర్రవాళ్ళు నా దగ్గరికి ఇదే అడగడానికి వస్తారు. లాగుడు వస్తుంది, నిజమే, వెనుక నల్లపొగ కూడా వస్తుంది. ఆ పొగ మండని డీజిల్, అంటే మన డబ్బు. పిస్టన్ తల వేడికి తట్టుకోలేక, హెడ్డు గ్యాస్కెట్ పోయి, చివరికి హెడ్డే పగులుతుంది. పంపు, నాజిళ్ళు టెస్టు బెంచి ఉన్న చోట చేయించవలసినవి. ఇంటి పని కాదు.

మార్పుల గురించి చెప్పాలంటే నా ఇంటి సంగతి చెప్పక తప్పదు. ఇంతవరకు సభలో ఎక్కడా చెప్పలేదు.

మా భాయ్‌జాన్‌ది పెట్రోలు అంబాసిడర్, టాక్సీ. పెట్రోలు భారం మోయలేక 1995లో డీజిల్ చేయించుకొంటానన్నాడు. పాత మెటాడోర్ ఇంజన్ ఒకటి దొరికింది. ఆ రోజుల్లో అందరూ చేస్తున్నదే. దించింది నేనే, ఎక్కించింది నేనే. మౌంటింగులు వెల్డింగు చేయించి, నాలుగు రాత్రులు కూర్చొని పూర్తిచేశాను. బండి బ్రహ్మాండంగా లాగింది, షెడ్డులో అందరూ మెచ్చుకొన్నారు. అయితే ఇంజన్ బరువు పెరిగింది, ముందు భాగం కిందికి దిగింది. బ్రేకులు మాత్రం పాతవే. దాన్ని గురించి నేను ఆలోచించలేదు. రిజిస్ట్రేషన్ పుస్తకంలో మార్పు రాయించుకొనే వీలు అప్పట్లో ఉండేది. "రేపు వెళ్దాంలే" అన్నాడు భాయ్‌జాన్. నేనూ తొందర పెట్టలేదు.

ఏడాది తిరక్కుండానే మంగళగిరి దాటాక ఒక రాత్రి గేదె అడ్డం వచ్చింది. బ్రేకు ఒకవైపుకు లాగింది, బండి కల్వర్టు గోడకు కొట్టుకొంది. భాయ్‌జాన్ కాలు రెండుచోట్ల విరిగింది. ప్రయాణికులెవరూ లేరు, అదే అల్లా దయ. బీమావారు వచ్చి చూశారు. పుస్తకంలో పెట్రోలు, బోనెట్ కింద డీజిల్. ఇంజన్ నంబరు కలవలేదు. పైసా రాలేదు. వాళ్ళను నేనేమీ అనను, కాగితం మాదే తప్పు. భాభీ గాజులు ఆసుపత్రికి పోయాయి. భాయ్‌జాన్ మళ్ళీ స్టీరింగు పట్టలేదు. బతికున్నన్నాళ్ళూ నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు బరువు.

1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఉంది. ఆ తరువాత అది ఇంకా బిగిసింది. రిజిస్ట్రేషన్‌లో రాసిన కంపెనీ వివరాలకు తేడా వచ్చే మార్పు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఇంజన్ చెడిపోతే అదే రకం ఇంజన్ వేసుకోవచ్చు, రవాణా ఆఫీసు అనుమతి ముందే తీసుకొని. పదిహేనేళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకొకసారి రిజిస్ట్రేషన్ తిరగరాయించేటప్పుడు ఇవన్నీ బయటపడతాయి.

అయితే ఏ మార్పూ చేయవద్దనడం లేదు. ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య నీళ్ళు పట్టే అదనపు ఫిల్టర్ పెట్టుకోండి. హెడ్‌లైట్ల కరెంటు పాత స్విచ్చి గుండా పోతే వెలుగు సగం దారిలోనే పోతుంది. రిలే పెడితే అదే బల్బు పట్టపగలు చేస్తుంది, స్విచ్చి కూడా కాలదు. సీటు బెల్టులు లేకపోతే గట్టి చోట బిగింపించండి. బ్రేకు గొట్టాలు, సిలిండర్ రబ్బర్లు బాగున్నా సరే కొత్తవి వేయించండి. అన్నిటికంటే ముందు చేయవలసింది అదే. నేను చివరన చెప్పాను, మీరు మొదట రాసుకోండి. మార్చిన నల్ల ఆయిలు మాత్రం కాలువలో పొయ్యవద్దు. డబ్బాలో పట్టి పాత ఆయిలు కొనేవారికి ఇవ్వండి.

నా బండి బయట వేపచెట్టు కింద ఉంది. టీ అయ్యాక గాలి తీయడం చేసి చూపిస్తాను. కావాలనే ఫిల్టర్ విప్పి పెట్టి వచ్చాను, కాబట్టి అది ఇప్పుడు స్టార్టు కాదు. నేర్చుకోవాలనుకొన్న కుర్రవాళ్ళు తెల్లచొక్కాలు విప్పి రండి. ఒక గాజు సీసా కూడా ఎవరైనా తెస్తే మంచిది, నాది ఇంట్లో మరచిపోయాను.